పెంపుడు కుక్కలలో ఆకలి, ఆహార సమస్యలు – అవగాహన, పరిశీలన, యాజమాన్యం

పెంపుడు కుక్కల యజమానులు పశువైద్యశాలకు వచ్చి తరచుగా చెప్పే మాట ‘రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు’ అన్నది. ఈ ఒక్క మాట వెనుక పంటినొప్పి ఉండవచ్చు. పిడుదుల ద్వారా సోకిన జ్వరం ఉండవచ్చు. గర్భకోశంలో చీము చేరి ఉండవచ్చు. ఇంట్లో నలుగురూ నాలుగు వేళల్లో పెట్టిన బిస్కట్లతో కడుపు నిండి ఉండవచ్చు. అరుదుగానైనా రేబిస్ వ్యాధి ఉండవచ్చు. తినకపోవడం అనేది లక్షణమే గాని వ్యాధి కాదు. ఆ లక్షణానికి మూలమేదో తెలుసుకోకుండా చేసే ప్రయత్నాలు విలువైన సమయాన్ని హరిస్తాయి.

సాధారణంగా యజమాని మొదటి రోజు అన్నానికి బదులు పాలు పోస్తాడు. రెండవ రోజు మాంసం పెడతాడు. మూడవ రోజు మందుల దుకాణంలో ఆకలి టానిక్కు కొంటాడు. నాలుగవ రోజు దవడలు తెరిచి బలవంతంగా పోస్తాడు. ఐదవ రోజు వైద్యశాలకు వస్తాడు. పార్వో వ్యాధి సోకిన కుక్కపిల్లకు గాని, గర్భకోశంలో చీము చేరిన ఆడకుక్కకు గాని ఈ నాలుగు రోజుల ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల ఆకలి సమస్యను మొదటి రోజే సరిగా వర్గీకరించే విధానం విద్యార్థులకు, యజమానులకు సలహాలిచ్చే విస్తరణ శాస్త్రవేత్తలకు అవసరం.

ఆకలి కలిగే తీరు

ఆకలి, తృప్తి అనే రెండు భావాలను మెదడులోని హైపోథాలమస్ నియంత్రిస్తుంది. ఖాళీ జీర్ణాశయం నుంచి వెలువడే గ్రెలిన్ అనే హార్మోను ఆకలిని ప్రేరేపిస్తుంది. ఆహారం చిన్నప్రేవుకు చేరగానే విడుదలయ్యే కొలిసిస్టోకైనిన్, శరీరంలోని కొవ్వు కణజాలం నుంచి వెలువడే లెప్టిన్ తృప్తి సంకేతాలను ఇస్తాయి. జీర్ణాశయం గోడలు సాగినప్పుడు వేగస్ నాడి ద్వారా అందే సమాచారం కూడా దీనికి తోడవుతుంది.

సూక్ష్మజీవులు సోకినప్పుడు, కణజాలం వాచినప్పుడు రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ వంటి సైటోకైన్లను విడుదల చేస్తాయి. ఇవి ఒకవైపు జ్వరాన్ని కలిగిస్తూ మరొకవైపు హైపోథాలమస్‌పై పనిచేసి ఆకలిని అణచివేస్తాయి. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పేరుకునే వ్యర్థ పదార్థాలు వాంతి కేంద్రాన్ని ప్రేరేపించి వికారం కలిగిస్తాయి. నొప్పి, భయం కూడా ఆకలిని తగ్గిస్తాయి. ఈ కారణాలు కొనసాగుతున్నంత కాలం పళ్ళెంలోని పదార్థాన్ని ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం స్వల్పమే.

కుక్క ఆహారాన్ని ఎంచుకోవడంలో వాసనదే ప్రధాన పాత్ర. మనిషి నాలుకపై సుమారు 9000 రుచి మొగ్గలు ఉండగా కుక్కకు ఉన్నవి సుమారు 1700 మాత్రమే. ముక్కు దిబ్బడ వేసిన కుక్క ఇష్టమైన ఆహారాన్ని కూడా వదిలివేయడానికి, చల్లారిన అన్నం కంటే గోరువెచ్చని అన్నాన్ని ఇష్టపడడానికి కారణం ఇదే.

మూడు వేర్వేరు స్థితులు

‘తినడం లేదు’ అన్న మాటను మూడు భాగాలుగా విడదీయాలి. మొదటిది ఆకలి ఉన్నా తినలేకపోవడం. కుక్క పళ్ళెం దగ్గరకు ఆత్రంగా వస్తుంది, వాసన చూస్తుంది, నోట పెట్టుకొని వదిలేస్తుంది. లేదా ఒకే వైపు నములుతుంది. లేదా మింగలేక కక్కుతుంది. రెండవది నిజంగా ఆకలి లేకపోవడం. కుక్క పళ్ళెం వైపు చూడదు; వాసనకే ముఖం తిప్పుకుంటుంది, పెదవులు నాకుతుంది, చొంగ కారుస్తుంది. ఇవి వికారానికి గుర్తులు. మూడవది ఎంపిక చేసుకొని తినడం. అన్నం వదిలేసి కోడిమాంసం తింటుంది. బరువు తగ్గదు, ఆటపాటలలో లోపం ఉండదు.

ఈ మూడింటి మూలాలు వేరు, చికిత్సలు వేరు. యజమాని నోట మూడూ ఒకే మాటగా వినిపిస్తాయి. ‘తినకపోవడం’ అనకుండా ‘పళ్ళెం పెట్టినప్పుడు కుక్క ఏమి చేసింది?’ అని అడగడంతో వర్గీకరణ మొదలవుతుంది.

ఆకలి ఉన్నా తినలేకపోవడం

నోటి వ్యాధులలో పంటిగార, చిగుళ్ళ వాపు ముఖ్యమైనవి. చిన్న జాతులైన పగ్, పామరేనియన్, స్పిట్జ్ కుక్కలలో ఇవి చిన్న వయసులోనే కనిపిస్తాయి. నోటి దుర్వాసన, చొంగలో రక్తపు జీర, గట్టి పదార్థాలను వదిలి మెత్తని పదార్థాలను మాత్రమే తినడం వీటి గుర్తులు. పై దవడలోని పెద్ద నమిలే పంటి మూలంలో చీము చేరితే కంటి కింద వాపు కనిపిస్తుంది. దానిని చర్మంపై గడ్డగా భావించి పూత మందులతో కాలం గడపడం జరుగుతూ ఉంటుంది. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో పాలపళ్ళు ఊడి శాశ్వత దంతాలు వచ్చేటప్పుడు పిల్లలు రెండు మూడు రోజులు తక్కువగా తినడం సహజం.

పంటి మధ్య అడ్డంగా ఇరుక్కున్న ఎముక ముక్క, నాలుక కింద చుట్టుకున్న దారం, అన్నవాహికలో నిలిచిన ఎముక కూడా ఈ వర్గంలోకి వస్తాయి. వండిన కోడి ఎముకలు పెళుసుగా చీలి సూదుల్లా గుచ్చుకుంటాయి కనుక వాటిని పెట్టరాదు.

ఇక్కడే ఒక తీవ్రమైన హెచ్చరిక అవసరం. రేబిస్ వ్యాధి రెండు రూపాలలో కనిపిస్తుంది. కనపడినవారినల్లా కరిచే ఉగ్ర రూపం అందరికీ తెలిసినదే. పక్షవాత రూపంలో కుక్క మందంగా మూల పడి ఉంటుంది, దవడ వేలాడుతుంది, గొంతు కండరాలు పట్టు కోల్పోవడం వల్ల ఆహారాన్ని గాని నీటిని గాని మింగలేదు, చొంగ ధారగా కారుతుంది, మొరుగు మారుతుంది. చూసినవారికి గొంతులో ఎముక ఇరుక్కున్నట్లే అనిపిస్తుంది. దానిని తీయడానికి నోట్లో చేయి పెట్టినవారికి చర్మంపై గీతలు, పగుళ్ళ ద్వారా లాలాజలంలోని వైరస్ సోకే ప్రమాదం ఉంది. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా మరణం దాదాపు తప్పదు.

కాబట్టి దవడ వేలాడుతూ మింగలేని స్థితిలో ఉన్న కుక్క నోట్లో ఎట్టి పరిస్థితిలోనూ చేయి పెట్టరాదు. టీకా చరిత్ర తెలియని కుక్క అయితే ఈ నియమం మరింత కఠినంగా పాటించాలి. దానిని విడిగా ఉంచి పశువైద్యునికి తెలియజేయాలి. అప్పటికే లాలాజలం తగిలి ఉంటే ఆ భాగాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాల పాటు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ నివారణ చికిత్స ప్రారంభించాలి. ఫోనులో సలహా ఇచ్చే శాస్త్రవేత్త ‘నోరు తెరిచి చూడండి’ అని యజమానికి చెప్పే ముందు దవడ, మింగుడు, టీకా అనే మూడు విషయాలను అడిగి తీరాలి.

ఆకలి నశించే వ్యాధులు

తెలుగు రాష్ట్రాల వాతావరణంలో పిడుదులు ఏడాది పొడవునా కనిపిస్తాయి. గోధుమరంగు కుక్క పిడుదు ద్వారా ఎర్లిచియా కేనిస్, బెబేసియా జాతి పరాన్నజీవులు వ్యాపిస్తాయి. ఎర్లిచియా సోకిన 8 నుంచి 20 రోజులకు జ్వరం, మందకొడితనం, ఆకలి మందగించడం మొదలవుతాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గి ముక్కు నుంచి రక్తం కారవచ్చు. పొట్ట చర్మంపై ఎర్రని మచ్చలు రావచ్చు. బెబేసియా వల్ల ఎర్ర రక్తకణాలు చిట్లి చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, కామెర్లు కనిపించవచ్చు. యజమాని కుక్కపై పిడుదులను చూడకపోయినా ఈ వ్యాధులు లేవని నిర్ధారించరాదు. రక్త పరీక్ష తప్పనిసరి.

ఎర్లిచియా చికిత్సలో డాక్సీసైక్లిన్ మందును సాధారణంగా 28 రోజుల పాటు వాడతారు. రెండు మూడు రోజులలోనే జ్వరం తగ్గి కుక్క తినడం ప్రారంభిస్తుంది. అది చూసి మందు ఆపివేయడం వల్ల వ్యాధి లోపల నిలిచిపోయి దీర్ఘకాలిక రూపం దాల్చవచ్చు. మరొక వైపు, ఈ మందును ఖాళీ కడుపుతో ఇస్తే వాంతులు కలిగి ఆకలి మళ్ళీ తగ్గుతుంది. ఇది వ్యాధి తిరగబెట్టినట్లు పొరపాటుగా అనిపిస్తుంది. కొద్దిగా ఆహారం పెట్టిన తర్వాత మాత్రను ఇచ్చి, వెంటనే కొంత నీరు తాగించడం మంచిది.

ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలలో అకస్మాత్తుగా ఆకలి పోయి వాంతులు, దుర్వాసనతో కూడిన రక్త విరేచనాలు మొదలైతే పార్వో వైరస్‌ను మొదట అనుమానించాలి. నిర్జలీకరణ, రక్తంలో చక్కెర పడిపోవడం వల్ల పిల్ల ఒకటి రెండు రోజులలోనే చనిపోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు ప్రారంభించి, రెండు నుంచి నాలుగు వారాల వ్యవధితో 16 వారాల వయసు వరకు పూర్తి చేయడమే దీనికి సరైన నివారణ. ఒక్క టీకాతో సరిపెట్టిన పిల్లలకు తల్లి నుంచి సంక్రమించిన రక్షణ పదార్థాలు అడ్డుపడి పూర్తి రక్షణ ఏర్పడకపోవచ్చు.

పిల్లలు కాని ఆడకుక్క ఎదకు వచ్చిన ఒకటి రెండు నెలలకు ఆకలి కోల్పోయి, నీరు ఎక్కువగా తాగుతూ, వాంతులు చేసుకుంటూ ఉంటే గర్భకోశంలో చీము చేరడాన్ని అనుమానించాలి. యోని నుంచి చీము కారితే గుర్తించడం సులభం. గర్భాశయ ముఖద్వారం మూసుకొని ఉంటే బయటకు ఏ ఆనవాలూ ఉండదు; విషం రక్తంలో చేరుతూ ఉంటుంది. ‘ఎద ఎప్పుడు వచ్చింది?’ అన్న ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ఈ వ్యాధి మామూలు అజీర్తిగా చెలామణీ అవుతుంది. దీనికి సాధారణంగా శస్త్రచికిత్స చేసి గర్భకోశాన్ని తొలగించాలి.

వయసు మళ్ళిన కుక్కలలో క్రమంగా ఆకలి తగ్గి, దాహం, మూత్రం పెరిగి, నోటి దుర్వాసన వస్తుంటే మూత్రపిండాల వైఫల్యాన్ని పరిశీలించాలి. మూత్రపిండాల సామర్థ్యంలో సుమారు 75 శాతం నష్టపోయే వరకు రక్తంలో క్రియాటినైన్ స్పష్టంగా పెరగదు. కనుక తొలి దశలో మూత్ర పరీక్షకు ప్రాధాన్యం ఉంది. లెప్టోస్పైరోసిస్ వల్ల కూడా కాలేయం, మూత్రపిండాలు ఒకేసారి దెబ్బతిని ఆకలి పోతుంది. ఇది ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వర్షాకాలంలో ఎక్కువగా వ్యాపిస్తుంది, మనుషులకూ సోకుతుంది. కొంకి పురుగుల వల్ల పిల్లలలో రక్తహీనత ఏర్పడి ఆకలి మందగిస్తుంది.

వ్యాధి కాని సహజ కారణాలు

ఆకలి తగ్గిన ప్రతిసారీ వ్యాధి ఉండనవసరం లేదు. మే నెల ఎండలలో కుక్కలు పగటిపూట తక్కువగా తింటాయి. తెల్లవారుజామున, పొద్దుగూకిన తర్వాత ఆహారం పెడితే ఈ లోపం చాలావరకు సరిదిద్దుకుంటుంది. దీపావళి బాణసంచా చప్పుళ్ళకు భయపడిన కుక్క ఒక పూట తినకపోవచ్చు. ఇంటివారు ఊరికి వెళ్ళినప్పుడు, కొత్త ఇంటికి మారినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. సమీపంలో ఎదకు వచ్చిన ఆడకుక్క ఉంటే మగకుక్క తిండి మానేస్తుంది. చూడి కుక్కలలో మూడు, నాలుగు వారాల దశలో కొన్ని రోజులు ఆకలి తగ్గుతుంది. ఈనడానికి ముందు 24 గంటలలో అనేక కుక్కలు ఆహారం ముట్టవు.

మరొక ముఖ్యమైన దశ పిల్లల ఎదుగుదలలో వస్తుంది. నాలుగు నెలల లోపు పిల్లకు విశ్రాంతి శక్తి అవసరానికి సుమారు మూడు రెట్లు శక్తి కావాలి. ఆ తర్వాత అది రెండు రెట్లకు తగ్గుతుంది. శరీర బరువుతో పోల్చితే పిల్ల అంతకుముందు కంటే తక్కువ తింటుంది. బరువు పెరుగుతూ, చురుకుగా ఉన్న పిల్లలో ఈ మార్పుకు చికిత్స అవసరం లేదు.

లెక్క చూస్తే తేలే ‘ఆకలి లేమి’

ఎంపిక చేసుకొని తినే కుక్కల విషయంలో ఊహ కంటే లెక్క ఎక్కువ ఉపయోగపడుతుంది. కుక్క విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు కావలసిన శక్తిని శరీర బరువు కిలోగ్రాములలో తీసుకొని, దాని 0.75 ఘాతాన్ని 70తో గుణించి లెక్కిస్తారు. రెండు కిలోల నుంచి 45 కిలోల వరకు బరువున్న కుక్కలకు బరువును 30తో గుణించి 70 కలిపినా దగ్గరి అంచనా వస్తుంది. సంతానోత్పత్తి నిరోధక శస్త్రచికిత్స జరిగిన ఎదిగిన కుక్కకు ఈ విలువకు 1.6 రెట్లు, జరగని కుక్కకు 1.8 రెట్లు స్థూలంగా తీసుకోవచ్చు.

ఉదాహరణకు 10 కిలోల స్పిట్జ్ కుక్కకు విశ్రాంతి శక్తి అవసరం సుమారు 394 కిలో కేలరీలు. శస్త్రచికిత్స జరిగిన కుక్క అయితే రోజుకు కావలసినది సుమారు 630 కిలో కేలరీలు. ఆ ఇంట్లో ఉదయం 200 మి.లీ. గేదెపాలు పోస్తారు, అందులో సుమారు 200 కిలో కేలరీలు ఉంటాయి. పిల్లలు రోజంతా కలిపి పది గ్లూకోజు బిస్కట్లు పెడతారు. వాటి బరువు 45 గ్రాముల వరకు ఉంటే మరో 200 కిలో కేలరీలు చేరతాయి. అన్నం పళ్ళెం పెట్టే సమయానికి ఆ కుక్క రోజువారీ అవసరంలో దాదాపు మూడింట రెండు వంతులు పూర్తయింది. రాత్రి అది కొద్దిగా తిని లేచిపోతే యజమాని దానిని ఆకలి లేమిగా భావిస్తాడు. నిజానికి ఆ కుక్క తన లెక్క ప్రకారమే తిన్నది. చిరుతిండ్లు మొత్తం శక్తిలో 10 శాతానికి మించరాదన్న నియమం ప్రకారం ఆ కుక్కకు పెట్టదగిన బిస్కట్లు రోజుకు మూడు మాత్రమే.

ఇలాంటి కుక్కకు రోజుకు రెండు పూటలు నియమిత సమయంలో ఆహారం పెట్టి, 15–20 నిమిషాల తర్వాత మిగిలినది తీసివేయాలి. మధ్యలో ఏదీ పెట్టరాదు. ఇంటిల్లిపాదీ ఈ నియమాన్ని పాటించాలి. తాతయ్య భోజనం చేస్తూ కింద వేసే ఒక్క ముద్ద ఈ క్రమశిక్షణ మొత్తాన్ని వమ్ము చేస్తుంది. అన్నం వదిలేసిన వెంటనే కోడిమాంసం పెడితే, వదిలేస్తే మెరుగైనది వస్తుందని కుక్క నేర్చుకుంటుంది. ఈ పద్ధతి ఆరోగ్యంగా ఉన్న ఎదిగిన కుక్కలకు మాత్రమే వర్తిస్తుంది. పిల్లలకు, అతి చిన్న జాతులకు, మధుమేహం ఉన్న కుక్కలకు, జబ్బుపడిన కుక్కలకు దీనిని అమలు చేయరాదు.

అన్నం కుక్కకు పనికిరాదన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. 2013లో వెలువడిన జన్యు పరిశోధనలో, పిండి పదార్థాన్ని జీర్ణించే అమైలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేళ్ళలో రెండు ప్రతులు ఉండగా కుక్కలలో 4 నుంచి 30 వరకు ఉన్నట్లు తేలింది. మనిషి పంచన చేరిన కుక్క పిండి పదార్థానికి అలవాటు పడింది. బాగా ఉడికిన అన్నం దానికి జీర్ణమవుతుంది. లోపం అన్నంలో కంటే అన్నం మాత్రమే పెట్టడంలో ఉంది. ఎదిగిన కుక్క ఆహారంలో పొడి పదార్థం లెక్కన కనీసం 18 శాతం, ఎదిగే పిల్లలకు 22.5 శాతం మాంసకృత్తులు ఉండాలి. బియ్యంలో ఉన్నవి ఏడెనిమిది శాతమే. పెరుగన్నంతోనే పెరిగే పిల్లలో ఎదుగుదల కుంటుపడుతుంది. మరొక వైపు ఎముక లేని మాంసం మాత్రమే పెట్టినా భాస్వరం ఎక్కువై కాల్షియం చాలక ఎముకలు బలహీనపడతాయి. ఆహారం మార్చవలసి వస్తే ఏడు రోజులలో కొద్దికొద్దిగా మార్చాలి.

అతి ఆకలి

ఆకలి పెరగడాన్ని యజమానులు ఆరోగ్య సూచనగా భావిస్తారు. తిండి పెరిగినా బరువు తగ్గుతుంటే మధుమేహం, నట్టలు, క్లోమ ఎంజైముల లోపం ఉన్నాయేమో పరిశీలించాలి. జర్మన్ షెపర్డ్ జాతిలో క్లోమ ఎంజైముల లోపం ఎక్కువ. తిండితో పాటు దాహం పెరిగి, పొట్ట జారి, వెంట్రుకలు పలచబడితే అధివృక్క గ్రంథి అతిగా పనిచేయడాన్ని అనుమానించాలి. స్టెరాయిడ్ మందులు వాడుతున్న కుక్కలోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

లాబ్రడార్ జాతి విషయం ప్రత్యేకమైనది. తృప్తి సంకేతానికి అవసరమైన పి.ఓ.ఎం.సి. జన్యువులో కొంత భాగం లోపించడం ఈ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలలో ఉన్నట్లు 2016లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఆ కుక్కలకు ఎంత తిన్నా తృప్తి కలగదు. కళ్ళలో కనిపించే ఆశను బట్టి కాక, కొలిచిన పళ్ళెంతో వాటికి ఆహారం పెట్టాలి.

సలహాకు ముందు అడగవలసిన ప్రశ్నలు

విస్తరణ శాస్త్రవేత్త ఫోనులో గాని, శిబిరంలో గాని ఈ క్రింది వివరాలు సేకరిస్తే ఐదు నిమిషాలలో సమస్య తీవ్రత తెలుస్తుంది.

1. వయసు, జాతి, బరువు. గత నెలలో బరువులో వచ్చిన మార్పు.
2. చివరిసారి పూర్తిగా తిన్న సమయం. ఆ తర్వాత తిన్న ప్రతి పదార్థం, చిరుతిండ్లతో సహా.
3. పళ్ళెం పెట్టినప్పుడు ప్రవర్తన. దవడ, మింగుడు, చొంగ.
4. నీరు తాగే తీరు. సాధారణంగా కుక్కకు కిలో బరువుకు రోజుకు 50–60 మి.లీ. నీరు సరిపోతుంది, తడి ఆహారం తినే కుక్క ఇంతకంటే తక్కువ తాగుతుంది.
5. వాంతులు, విరేచనాలు, మలబద్ధకం, మూత్రం రంగు.
6. రేబిస్, పార్వో టీకాలు వేసిన తేదీలు; నట్టల మందు వేసిన తేదీ; పిడుదుల బెడద.
7. ఆడకుక్క అయితే చివరి ఎద తేదీ.
8. ఇంట్లో ఇచ్చిన మందులు. ఇంట్లో మాయమైన బంతి, సాక్సు, మామిడి టెంక వంటి వస్తువులు.

చివరి ప్రశ్నలో రెండు ప్రమాదాలు దాగి ఉన్నాయి. జ్వరంగా ఉందని పారాసిటమాల్, కుంటుతోందని ఐబూప్రొఫెన్ మాత్రలు వేసే అలవాటు ఉంది. మొదటిది కాలేయాన్ని, రెండవది జీర్ణాశయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. జ్వరానికి ఇచ్చిన మాత్రే ఆకలి నశించడానికి కారణం కావచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ కలిసిన తీపి పదార్థాలు కూడా కుక్కలకు విషపూరితం. మాంసపు పులుసులోని ఉల్లిపాయ ఎర్ర రక్తకణాలను చిట్లిస్తుంది కనుక మనుషులకు వండిన మసాలా కూరను కుక్కకు పెట్టరాదు. మాయమైన మామిడి టెంక ప్రేవుకు అడ్డుపడితే మందులతో తగ్గదు. తరచుగా శస్త్రచికిత్స అవసరమవుతుంది.

ఎంతకాలం వేచి చూడవచ్చు

ఎదిగిన కుక్క చురుకుగా ఉండి, నీరు తాగుతూ, వాంతులు, విరేచనాలు లేకుండా ఒక పూట మానితే గమనిస్తూ ఉండవచ్చు. 24 గంటలు దాటితే పశువైద్యుని సంప్రదించాలి. మూడు నెలల లోపు పిల్లలలో, అతి చిన్న జాతులలో రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది. వాటి విషయంలో రెండు పూటలు తినకపోవడమే అత్యవసరం. మధుమేహం ఉన్న కుక్క తినని పూట ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో పశువైద్యుని అడగాలి. మామూలు మోతాదు ఇవ్వడం ప్రమాదకరం.

కొన్ని గుర్తులు ఉన్నప్పుడు ఒక్క గంట కూడా ఆగరాదు. పాలిపోయిన లేదా పసుపుబారిన చిగుళ్ళు, కడుపు ఉబ్బి కక్కడానికి ప్రయత్నించినా ఏమీ రాకపోవడం, రక్త విరేచనాలు, మూత్రం ఆగిపోవడం, ఆయాసం, మూర్ఛ ఇందులోకి వస్తాయి. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి లోతైన ఛాతీ గల జాతులలో జీర్ణాశయం ఉబ్బి మెలిపడితే కొన్ని గంటలలోనే ప్రాణం పోవచ్చు.

తినిపించే పద్ధతి

కారణానికి చికిత్స జరుగుతూ ఉండగా పోషణ కొనసాగాలి. వాంతులను, నొప్పిని మందులతో అదుపు చేసిన తర్వాతే ఆహారం పెట్టాలి. ఆహారాన్ని శరీర ఉష్ణోగ్రతకు మించకుండా గోరువెచ్చగా చేస్తే వాసన పెరుగుతుంది. మసాలా, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తని అన్నం కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టాలి. ముట్టని పళ్ళేన్ని కుక్క ముందే ఉంచరాదు; వికారంతో ఉన్న కుక్క ఆ వాసనను బాధతో ముడిపెట్టుకొని, కోలుకున్న తర్వాత కూడా ఆ పదార్థాన్ని తిరస్కరించవచ్చు.

నోరు తెరిచి బలవంతంగా పోయడం వల్ల ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా కలిగే ప్రమాదం ఉంది. నీరసించిన కుక్కకు, మింగలేని కుక్కకు ఇది మరింత హాని చేస్తుంది. ఇంటి వద్ద గడిచిన రోజులతో కలిపి మూడు రోజులకు మించి తగినంత తినని కుక్కకు వైద్యశాలలో ముక్కు ద్వారా గాని, అన్నవాహిక ద్వారా గాని గొట్టం అమర్చి ద్రవాహారం ఇవ్వడాన్ని పరిశీలించాలి. పార్వో వ్యాధిలో విరేచనాలు ఆగే వరకు ఆహారం ఇవ్వరాదన్న పాత భావన మారింది. వాంతులను అదుపు చేస్తూ తొలి దశలోనే కొద్దిపాటి ద్రవాహారం అందిస్తే ప్రేవుల లోపలి పొర త్వరగా కోలుకుంటుంది.

చాలా రోజులు పస్తున్న కుక్కకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం కూడా ప్రమాదమే. పిండి పదార్థం చేరగానే విడుదలయ్యే ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోని భాస్వరం, పొటాషియం కణాలలోకి పోయి, వాటి స్థాయి పడిపోయి కుక్క కుప్పకూలవచ్చు. మొదటి రోజు విశ్రాంతి శక్తి అవసరంలో మూడో వంతు, రెండవ రోజు మూడింట రెండు వంతులు, మూడవ రోజు పూర్తిగా ఇవ్వాలి. పైన చెప్పిన 10 కిలోల కుక్కకు ఇవి వరుసగా సుమారు 130, 260, 394 కిలో కేలరీలు.

ఆకలి పెంచే మందులకు పరిమితమైన స్థానం ఉంది. గ్రెలిన్ మాదిరిగా పనిచేసే కాప్రొమొరెలిన్ అనే మందుకు అమెరికాలో 2016లో కుక్కల కోసం అనుమతి లభించింది. మిర్టజపిన్‌ను కూడా పశువైద్యులు వాడుతున్నారు. ఇవి మూల వ్యాధికి చికిత్స కావు. ప్రేవుకు అడ్డంకి ఉన్న కుక్కకు ఆకలి మందు ఇవ్వడం హానికరం. దుకాణంలో కొన్న టానిక్కు వ్యాధి కారణాన్ని తొలగించదు. యజమానికి మందు వేస్తున్నామన్న తృప్తినిచ్చి ఆలస్యాన్ని పెంచుతుంది.

యజమానులకు అందవలసిన సందేశం

ప్రతి ఇంట్లో కుక్కకు పెట్టే ఆహారాన్ని కొలిచే ఒక గిన్నె, నెలకొకసారి బరువు రాసే ఒక కాగితం ఉంటే సగం సమస్యలు తొలి దశలోనే బయటపడతాయి. తూకం లేనివారు పక్కటెముకలను తడిమి చూడవచ్చు. తేలికగా చేతికి తగులుతూ, పైకి పొడుచుకు రాకుండా ఉంటే కుక్క సరైన బరువులో ఉన్నట్లు. టీకాలు, నట్టల మందు, ఎద తేదీలను అదే కాగితంపై రాసుకోవాలి.

కుక్క తన బాధను చెప్పలేదు. పళ్ళెం దగ్గర ప్రవర్తన ద్వారా మాత్రమే చూపుతుంది. ‘ఏమి పెడితే తింటుంది?’ అన్న ప్రశ్నతో వచ్చే యజమానిని ‘ఎందుకు తినడం లేదు?’ అన్న ప్రశ్న వైపు మళ్ళించడం విస్తరణ శాస్త్రవేత్త మొదటి కర్తవ్యం. ఆ మళ్ళింపు మొదటి రోజే జరిగితే అనేక కుక్కల ప్రాణాలు నిలుస్తాయి. రేబిస్ విషయంలో ఆ ఇంటివారి ప్రాణాలు కూడా నిలుస్తాయి.